కొలొనేడ్: స్తంభాల వరుసకు ఆ పేరెలా వచ్చింది, ఆ వరుసలో కొలవాల్సింది ఏది

నమస్కారం. తెర మీద కనిపిస్తున్నది ఢిల్లీలోని పాత పార్లమెంటు భవనం. ఇప్పుడు దీని పేరు సంవిధాన్ సదన్. నక్షా గీసింది హెర్బర్ట్ బేకర్, ప్రారంభమైంది 1927 జనవరిలో. ఈ గుండ్రటి భవనం మొదటి అంతస్తులో, వరండా అంచు చుట్టూతా స్తంభాలు ఉన్నాయి చూడండి. మొత్తం 144. ఒక్కొక్కటి 27 అడుగుల ఎత్తు. టీవీ వార్తల్లో మనం ఎన్నేళ్లుగానో చూస్తూ వచ్చిన ఆ వరుసనే వాస్తుశిల్పంలో కొలొనేడ్ అంటారు.

ఆ మాట స్తంభానిది కాదు, వరుసది. ఒక్క స్తంభం నిలబెడితే అది కాలమ్. అలాంటివి ఒకదాని పక్కన ఒకటి, ఒకే ఎడంలో నిలబెట్టి, వాటి తలల మీదుగా అడ్డంగా దూలం పరిస్తేనే కొలొనేడ్. అంటే ఇందులో మూడు ఉండాలి: స్తంభాలు, వాటి మధ్య సమానమైన ఖాళీ, పైన అడ్డంగా సాగే దూలం. ఈ మూడింటిలో అందరూ చూసేది స్తంభాన్నే. కానీ పాతకాలపు శిల్పులు లెక్క మొదలుపెట్టింది ఖాళీతో. ఈ వీడియోలో ఎక్కువసేపు ఆ ఖాళీ గురించే మాట్లాడుకుందాం. ముందు మాట సంగతి చూద్దాం.

లాటిన్‌లో స్తంభాన్ని 'కొలుమ్నా' అంటారు. ఎత్తుగా పైకి లేచినది అనే అర్థమున్న మూలం నుంచి వచ్చిన మాట అది. అదే లాటిన్‌లో కొండకు వాడే 'కొల్లిస్' దీనికి చుట్టమే. ఇటాలియన్‌లో అది 'కొలొన్నా' అయింది, ఫ్రెంచిలో 'కొలొన్'. దానికి 'ఆద్' అనే ప్రత్యయం తగిలించి 17వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు 'కొలొనాద్' అన్నారు. 18వ శతాబ్దం తొలినాళ్లలో అది ఇంగ్లీషులోకి చేరింది. ఆ ప్రత్యయం మనకు కొత్తదేం కాదు. నిమ్మకాయతో చేసింది లెమనేడ్. పీపాలు వరుసగా పేర్చి దారి మూస్తే బారికేడ్, ఎందుకంటే ఫ్రెంచిలో పీపాను 'బరీక్' అంటారు. అలాగే స్తంభాలు పేర్చి కట్టింది కొలొనేడ్.

ఈ కొలుమ్నా సంతానం మన నోళ్లలో ఇంకా చాలానే ఉంది. పేపర్లో రాసే కాలమ్ అదే. పేజీలో నిలువుగా స్తంభంలా దిగే అచ్చు కాబట్టి ఆ పేరు. సైన్యంలో కల్నల్ కూడా ఇక్కడివాడే. బారులు తీరిన సిపాయిల దండును ఇటాలియన్లు కొలొన్నా అనేవాళ్లు, దాన్ని నడిపేవాడు 'కొలొన్నెల్లో'. కాలనీకి మాత్రం దీనితో ఏ సంబంధమూ లేదు. అది నేల దున్నడం అనే అర్థమున్న వేరే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. వినడానికి దగ్గరగా ఉన్నాయని చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి కొలొనేడ్, ఈజిప్టులోని కర్నాక్ గుడి కొలొనేడ్ అని మనం ఎంత తేలిగ్గా అన్నా, ఆ కట్టడాలు కట్టినవాళ్లకు ఈ మాట తెలియదు. మాట వయసు మూడు వందల ఏళ్లు చిల్లర. వస్తువు వయసు వేల ఏళ్లు. గ్రీకులకు వాళ్ల మాటలు వాళ్లకున్నాయి. స్తంభం 'స్టూలోస్'. కట్టడం చుట్టూ స్తంభాలు తిరిగి ఉంటే 'పెరి', అంటే చుట్టూ, చేర్చి పెరిస్టైల్. కప్పు కింద స్తంభాలే నిండిన హాలుకు 'హుపో', అంటే కింద, చేర్చి హైపోస్టైల్. ఈ స్టూలోస్‌ని, సంస్కృతంలో నిలబడటాన్ని చెప్పే 'స్థా' ధాతువుని భాషాశాస్త్రజ్ఞులు ఒకే కుటుంబంలో చేరుస్తారు. స్థానం, స్థిరం, స్థితి అని మనం రోజూ అంటున్న మాటల కుటుంబమే.

ఇంతకంటే అందమైన మాట ఇంకోటుంది. గుడికి నాలుగు వైపులా స్తంభాల వరుస ఉంటే గ్రీకులు దాన్ని 'పెరిప్టెరోస్' అన్నారు. 'ప్టెరోన్' అంటే రెక్క. గర్భగుడి గోడకు ఇరువైపులా రెక్కలు విప్పినట్టు ఈ వరుసలు ఉంటాయని. హెలికాప్టర్‌లో చివరి సగం ఆ ప్టెరోనే. సంస్కృతంలో రెక్కకు, ఈకకు, ఆకుకు వాడిన 'పత్రం' కూడా అదే వేరు నుంచి పుట్టింది.

ఇంకొకటి, స్టోవా. ఒకవైపు గోడ, రెండోవైపు స్తంభాల వరుస, పైన కప్పు. ఎండకూ వానకూ జనం నిలబడటానికి, బేరాలాడుకోవడానికి కట్టిన పొడవాటి వసారా. ఏథెన్స్‌లో అలాంటి ఒక స్టోవాలో జీనో అనే తత్వవేత్త పాఠం చెప్పాడు కాబట్టే అతని శిష్యులకు స్టోయిక్కులని పేరొచ్చింది. పెర్గమమ్ రాజు రెండో అట్టాలోస్ కట్టించిన స్టోవాను 1950లలో అదే చోట తిరిగి కట్టారు. ఏథెన్స్ వెళ్లినవాళ్లు లోపల నడిచి చూడొచ్చు. పొడవు దాదాపు 116 మీటర్లు. దాని కింది అంతస్తులో బయటి స్తంభాలను దగ్గరగా చూడండి. పై భాగంలో నిలువు గాడులు ఉంటాయి, మనిషి ఎత్తు దాకా మాత్రం నున్నగా వదిలేశారు. గాడుల మధ్య అంచులు పదునుగా ఉంటాయి. రోజంతా జనం ఆనుకునే చోట, మూటలు తగిలే చోట అవి నాలుగు రోజుల్లో పెచ్చులూడతాయి. అందుకని ఆ జాగ్రత్త.

సరే, ఇప్పుడు ఖాళీ దగ్గరికి వద్దాం.

విత్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో రాసిన పది సంపుటాల్లో మూడోదానిలో ఈ లెక్క ఉంది. అతను ఖాళీని అడుగుల్లో చెప్పడు. స్తంభం అడుగున ఎంత లావుందో, అది ఒక పాలు, అంటే ఒక కొలత. రెండు స్తంభాల మధ్య అలాంటివి ఎన్ని పాళ్లు పడతాయో దాన్నిబట్టి ఐదు పేర్లు పెట్టాడు. పాలున్నర ఖాళీ అయితే పిక్నోస్టైల్, అంటే ఒత్తుగా ఉన్నది. రెండు పాళ్లయితే సిస్టైల్. మూడు పాళ్లయితే డయాస్టైల్. అంతకు మించితే అరియోస్టైల్, అంటే పలచబడ్డది. వీటి నడుమ అతనికి నచ్చింది రెండుంపావు పాళ్ల ఖాళీ. దాని పేరు యూస్టైల్. ఆ 'యూ' మన 'సు' లాంటిదే, సుగుణం, సువాసనలో ఉన్న సు. చక్కని ఎడం అన్నమాట. అందులోనూ గుమ్మానికి ఎదురుగా ఉండే నడిమి ఖాళీ మాత్రం మూడు పాళ్లు ఉంచమన్నాడు.

ఎందుకు అంత పట్టింపు? ఒత్తుగా ఉన్న రెండు రకాల్లో వచ్చే ఇబ్బంది అతనే చెప్పాడు. గుడికి వచ్చే గృహిణులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లెక్కి వస్తే స్తంభాల మధ్య దూరలేరు, ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. తలుపులు స్తంభాల చాటున పడతాయి, విగ్రహాలు కనబడవు, చుట్టూ తిరగడానికి దారి ఇరుకవుతుంది. మరి డయాస్టైల్‌లోనో? ఖాళీ ఎక్కువై పై రాతి దూలం విరుగుతుంది. అరియోస్టైల్‌కైతే రాయి, పాలరాయి పనికే రావు, చెక్క దూలాలే వెయ్యాలి. పైగా చూడటానికి కట్టడం పొట్టిగా, అడ్డంగా, తల బరువెక్కినట్టు కనిపిస్తుందన్నాడు.

రాతి దూలం ఎందుకు విరుగుతుందో అర్థమైతే ఈ ఐదు పేర్లూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒక పొడవాటి రబ్బరు ముక్క తీసుకోండి. పక్క వైపున పెన్నుతో నిలువు గీతలు దగ్గరదగ్గరగా గీయండి. రెండు కొసలూ రెండు పుస్తకాల మీద పెట్టి నడుమ వేలితో నొక్కండి. పైన గీతలు దగ్గరికి జరుగుతాయి, కింద ఎడమవుతాయి. దూలంలో జరిగేదీ ఇదే. పై భాగం నలుగుతుంది, కింది భాగం సాగుతుంది. రాయి నలుగుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, సాగడాన్ని మాత్రం ఓర్చుకోదు. కింది అంచున చిన్న చీలిక పడిందంటే అది పైకి పాకి దూలం రెండు ముక్కలు. ఇంటి పనిలో బీముకి ప్రధాన రాడ్లు అడుగున వేయించేది ఇందుకే. సాగే పని కాంక్రీటుతో కాదు కాబట్టి అక్కడ ఇనుముకు అప్పగిస్తాం. గ్రీకు శిల్పికి ఆ వీలు లేదు. ఇంకో లెక్క కూడా చూడండి. దూలం మందం మార్చకుండా ఎడం రెట్టింపు చేస్తే, దాని సొంత బరువుతోనే అడుగున పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే స్తంభాలు అంత దగ్గరగా నిలబడ్డాయి.

పార్థెనాన్‌ని తీసుకుందాం. క్రీస్తుపూర్వం 447లో మొదలుపెట్టి 438కల్లా కట్టడం పూర్తి చేశారు. వాస్తుశిల్పులు ఇక్టినోస్, కల్లిక్రాటెస్. ముందు 8 స్తంభాలు, పక్కన 17. నాలుగు మూలల స్తంభాలు రెండేసి సార్లు లెక్కలోకి వస్తాయి కాబట్టి బయటి వరుసలో మొత్తం 46. అడుగున ఒక్కోదాని అడ్డుకొలత సుమారు 1.9 మీటర్లు, ఎత్తు 10.4 మీటర్లు. నడిమధ్య నుంచి నడిమధ్యకు ఎడం దాదాపు 4.3 మీటర్లు. అందులోంచి ఒక స్తంభం లావు తీసేస్తే మిగిలే ఖాళీ 2.4. అంటే పాలుంపావు మాత్రమే, విత్రూవియస్ ఒత్తు రకం కన్నా ఒత్తు. పైన పెట్టిన దూలం కూడా ఒకే బండ కాదు. మూడు పలకలు నిలువుగా పక్కపక్కన ఆనించి పెట్టారు. మూడింట్లో ఒకటి చీలినా మిగతా రెండు మోస్తాయి. దూలాల అతుకు ఎప్పుడూ స్తంభం నడినెత్తిన పడుతుంది.

మూల దగ్గర పని ఇంకా కష్టం. పార్థెనాన్ కట్టిన పద్ధతిని డోరిక్ అంటారు. అందులో దూలం పైన నిలువు గీతల పలకలు వరుసగా వస్తాయి, వాటిని ట్రైగ్లిఫ్‌లంటారు. స్తంభం మీద పడే పలక ఆ స్తంభానికి సరిగ్గా నడుమ, ఖాళీ మీద పడేది ఆ ఖాళీకి నడుమ ఉండాలి. కానీ చివరిది మాత్రం భవనం మూల అంచున పడాలి. రెండు నియమాలూ మూల స్తంభం దగ్గర కొట్టుకుంటాయి. అక్కడ పలక స్తంభం నడిమి నుంచి బయటకు జరిగిపోయి, పక్క పలకతో దూరం పెరిగిపోతుంది. దీనికి గ్రీకులు చేసిన సర్దుబాటు ఏమిటంటే, మూల స్తంభాన్నే లోపలికి జరిపారు. పార్థెనాన్‌లో ఆ చివరి ఎడం మిగతావాటికన్నా దాదాపు 60 సెంటీమీటర్లు తక్కువ. మూల స్తంభం వెనక గోడ ఉండదు, వెలుతురే ఉంటుంది. వెలుతురులో సన్నగా కనబడుతుంది కాబట్టి దాన్ని సుమారు 4 సెంటీమీటర్లు లావు చేశారు. విత్రూవియస్ కూడా మూల స్తంభాలను యాభయ్యో వంతు లావు చెయ్యమంటాడు, కారణమూ ఇదే చెబుతాడు.

ఇంత పెద్ద స్తంభం ఒకే రాయి కాదు. గుండ్రటి రాతి దిమ్మెలు పది, పన్నెండు ఒకదాని మీద ఒకటి పేర్చారు. దిమ్మె పై ముఖం మొత్తం నున్నగా చెయ్యరు. అంచు వెంబడి ఒక పట్టీని మాత్రం అద్దంలా అరగదీసి, లోపలి భాగం కొంచెం గరుకుగా వదిలేస్తారు. పై దిమ్మె, కింది దిమ్మె ఆ పట్టీ దగ్గరే ఆనతాయి, అతుకులో వెంట్రుక కూడా దూరదు. ముఖమంతా చదును చెయ్యబోతే ఎక్కడో ఒక చోట మధ్యలో పొంగు మిగిలి అంచు లేచిపోతుంది. నడిమధ్యలో చదరపు గుంట తీసి చెక్క బిళ్ల దిగగొట్టి, దానిలో గుండ్రటి చెక్క మేకు నిలబెట్టేవాళ్లు. పై దిమ్మె కిందికి సరిగ్గా కేంద్రం మీదికి దిగడానికి అది దారి చూపిస్తుంది.

గాడులు చెక్కేది అంతా నిలబెట్టాకే. ముందే చెక్కితే ఎత్తేటప్పుడు అంచులు విరుగుతాయి, పైగా పది దిమ్మెల గాడులు ఒకదానితో ఒకటి కలవవు. అందుకని అట్టడుగు దిమ్మె కింద, పైన తలకట్టు దగ్గర కొద్దిగా గాడి మొదలుపెట్టి ఉంచేవాళ్లు. తరవాత ఆ రెంటినీ కలుపుతూ పై నుంచి కింది దాకా 20 గాడులు తీసేవాళ్లు. సిసిలీలో సెజెస్టా గుడి చూస్తే ఈ పని మధ్యలో ఆగిపోయిన రూపం కనిపిస్తుంది. ముందు 6, పక్కన 14, మొత్తం 36 స్తంభాలు నిలబడి ఉన్నాయి, ఒక్కదానికీ గాడి లేదు. మెట్ల రాళ్ల మీద, ఎత్తడానికి తాళ్లు తగిలించే బొడిపెలు కూడా అలాగే ఉన్నాయి. పని పూర్తయిన గుళ్ల కన్నా పని నేర్పేది ఈ గుడే.

వరుసలు కూలేది ఎక్కడ? 1687లో పార్థెనాన్ లోపల నిలవ చేసిన తుపాకి మందు మీద వెనీస్ సేనల గుండు పడి మధ్య భాగం ఎగిరిపోయింది, అది యుద్ధం సంగతి. మామూలుగా జరిగే నష్టం ఇంకోటి, అది ఇనుముది. ప్రాచీన శిల్పులు రాళ్లను కలిపే ఇనుప బందులకు చుట్టూ సీసం పోసి మూసేవాళ్లు. సీసం నీటిని అడ్డుకుంటుంది, కదిలితే కాస్త లొంగుతుంది. 20వ శతాబ్దం మొదట్లో నికొలావోస్ బలానోస్ అనే గ్రీకు ఇంజనీరు పార్థెనాన్‌లో పడిపోయిన ఉత్తరపు వరుసను తిరిగి నిలబెట్టినప్పుడు ఆ సీసం కవచం లేకుండా ఇనుము వాడాడు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి పాలరాయిని లోపలి నుంచే చీల్చింది. ఇప్పటి మరమ్మతుల్లో ఆ ఇనుమంతా తీసి టైటానియం వేస్తున్నారు. కవరింగు చాలక లోపలి రాడ్డు తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడటం మనం చూస్తూనే ఉంటాం. అక్కడా జరిగేది ఇదే.

ఇప్పుడు ఏది కొలొనేడ్ కాదో త్వరగా చెప్పేస్తాం. స్తంభాల మీద దూలం బదులు కమాన్లు ఉంటే అది ఆర్కేడ్. ముందు గుమ్మం మీద కప్పుతో ముందుకు పొడుచుకు వచ్చే స్తంభాల వసారా పోర్టికో. హైదరాబాద్ కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ ముందున్నది అదే. ఆరు కొరింథియన్ స్తంభాలు, అంటే తలకట్టు మీద ఆకుల చెక్కడం ఉండే రకం, 19వ శతాబ్దం తొలి ఏళ్లలో మద్రాసు ఇంజనీర్ల దళంలోని శామ్యూల్ రస్సెల్ నక్షా ప్రకారం కట్టారు. ముందు ఆరు స్తంభాలుంటే దాన్ని హెక్సాస్టైల్ అంటారు, నాలుగైతే టెట్రాస్టైల్, ఎనిమిదైతే ఆక్టాస్టైల్. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి మండపం కొలొనేడ్ కాదు. అక్కడ స్తంభాలు అంచున బారుగా లేవు, నేలంతా అటూ ఇటూ గళ్లుగళ్లుగా నిలబడి కప్పు మోస్తున్నాయి. గ్రీకు మాటే కావాలంటే అది హైపోస్టైల్ దగ్గరికి వస్తుంది. మండపం అన్న మన మాటే దానికి సరైనది.

రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి ముందున్న చౌకులో బెర్నీనీ అనే శిల్పి కట్టిన వరుసను వదిలిపోలేం. 1656లో మొదలైంది. 284 స్తంభాలు, ఒకదాని వెనక ఒకటి నాలుగు వరుసలు, రెండు చేతుల్లా వంగి మైదానాన్ని చుట్టుకుంటాయి. నేల మీద ఇటొకటి, అటొకటి గుండ్రటి గుర్తురాళ్లున్నాయి. వాటిలో ఒకదాని మీద నిలబడి ఆ వైపు చూస్తే వెనక ఉన్న మూడు వరుసలూ మాయమైపోతాయి, ముందు వరుసే కనిపిస్తుంది. ఒక్క అడుగు పక్కకు జరిగితే అడవిలా స్తంభాలన్నీ బయటపడతాయి. ప్రతి నాలుగు స్తంభాలనూ ఆ గుర్తు నుంచి గీసిన ఒకే గీత మీద నిలబెట్టారు. వెనక్కి వెళ్లేకొద్దీ గీతలు ఎడమవుతాయి, అందుకు తగ్గట్టు బయటి వరుస స్తంభాలను లావు చేశారు. ఖాళీని ఇంత పట్టుగా వాడుకున్నవాళ్లు అరుదు.

మీ ఊళ్లో ఏ పాత కాలేజీ, కోర్టు, బంగ్లా ముందు స్తంభాల వరుసున్నా మీరే కొలవొచ్చు. ఒక టేపు, ఒక పురికొస చాలు. పీఠం మీది పొంగులు దాటాక, బోదె మొదలయ్యే చోట పురికొస చుట్టి చుట్టుకొలత తియ్యండి. దాన్ని 3.14తో భాగిస్తే లావు వస్తుంది. 188 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, లావు 60. తరవాత పక్క స్తంభం బోదె దాకా అదే ఎత్తులో ఖాళీ కొలవండి. అది 135 అయితే 60తో భాగించండి, రెండుంపావు. యూస్టైల్. సాధారణంగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, నడుము ఎత్తున కొలవడం. స్తంభం పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి లావు తక్కువొచ్చి ఖాళీ ఎక్కువగా తేలుతుంది. రెండు, నడిమి నుంచి నడిమికి కొలిచి ఒక లావు తీసెయ్యడం మరిచిపోవడం. అప్పుడు పాలున్నర ఖాళీ కాస్తా రెండున్నరగా కనబడి, ఒత్తు రకాన్ని పలచటి రకమనుకుంటాం.

కొత్తగా ఇల్లో, ఫంక్షన్ హాలో కట్టిస్తూ ముందు స్తంభాలు పెట్టాలనుకునేవాళ్లకు విత్రూవియస్ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ఆరు స్తంభాలంటే ఆరు పాళ్లు, పక్క ఖాళీలు నాలుగూ కలిపి తొమ్మిది, నడిమిది మూడు, మొత్తం పద్దెనిమిది. ముఖభాగం 36 అడుగులుంటే పాలు రెండడుగులు. అంటే స్తంభం లావు రెండడుగులు, పక్క ఖాళీ నాలుగున్నర, గుమ్మం ఎదుట ఆరు. నాలుగు స్తంభాలకైతే పదకొండున్నర పాళ్లు, ఎనిమిదికి ఇరవై నాలుగున్నర. మన దగ్గర తరచూ చేసేది దీనికి తలకిందులు. ముందు పన్నెండు అడుగులకో కాలమ్ పోసేస్తారు, తరవాత దాని చుట్టూ ప్లాస్టర్‌తోనో ఫైబర్‌తోనో గ్రీకు తొడుగు తొడుగుతారు. పన్నెండు అంగుళాల లావుకు పదకొండు అడుగుల ఖాళీ, అంటే పదకొండు పాళ్లు. కాంక్రీటు బీము మోస్తుంది, కూలిపోదు. కానీ ఎంత ఖర్చు పెట్టినా స్తంభాలు పుల్లల్లా, పై భాగం బరువుగా కనిపిస్తాయి. ఆ తొడుగును మార్చి లాభం లేదు. నక్షా దశలోనే స్తంభం లావు పెంచాలి, లేదంటే ఖాళీ తగ్గించాలి. కార్లు దూరాలంటే నడిమి ఖాళీ ఒక్కటే పెంచి పక్కవి దగ్గరగా ఉంచండి. సెంట్రింగు కట్టకముందే ఈ సంగతి మేస్త్రీతో, ఇంజనీరుతో తేల్చుకోండి. కాలమ్ పోశాక దాన్ని జరపలేం.